ఓరుగల్లును రెండు రోజుల్లో ఏ వరుసలో చూడాలి?

అమ్మానాన్నలతో శని, ఆదివారాలు వరంగల్ వస్తున్నామని, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయని, గుళ్లూ చారిత్రక స్థలాలూ ఏ వరుసలో చూస్తే బాగుంటుందో చెప్పమని అడిగారు. మాది హనుమకొండ; ఇంటికి వచ్చిన చుట్టాలను తిప్పి చూపించే పని ఏళ్లుగా నాదే. ఏది దగ్గరుంటే దానికి వెళ్లడం కాకుండా, కాకతీయుల కథ నడిచిన వరుసలోనే, అంటే ముందు హనుమకొండ, తరువాత ఖిలా (ఓరుగల్లు కోట), మరునాడు రామప్ప గుడి చూడమని నా సలహా.

హనుమకొండ వారి తొలి రాజధాని. పొద్దున్నే వేయిస్తంభాల గుడితో మొదలుపెట్టండి. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఈ త్రికూటాలయంలో శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి వేర్వేరు గర్భగుడులు ఉన్నాయి. నల్లరాతి నందిని చూసి వెనుదిరగకుండా ఎదుటి కల్యాణమండపంలో కాసేపు కూర్చోండి. కుంగిపోతున్న ఆ మండపాన్ని రాయి రాయిగా విప్పి మళ్లీ నిలబెట్టే పని 2006లో మొదలై, 2024 మార్చిలో గాని భక్తులకు తెరవలేదు. మా ఊళ్లో ఒక తరం పిల్లలు ఆ రాళ్లను చూస్తూనే పెద్దవాళ్లయ్యారు.

పద్మాక్షి గుట్టకు మెట్లు ఎక్కాలి కనుక అమ్మగారిని కింద కూర్చోబెట్టి మీరు వెళ్లి రండి. ఇప్పుడు పద్మాక్షి అమ్మవారు పూజలందుకుంటున్న ఈ చోట, మంత్రి బేతన భార్య మైలమ బసది, అంటే జైన గుడి, కట్టించినట్లు 1117 నాటి శాసనం చెబుతోంది. గుట్ట రాతి మీద తీర్థంకరుల బొమ్మలు నేటికీ కనిపిస్తాయి. సద్దుల బతుకమ్మ నాడు ఊరి ఆడవాళ్లు వేల సంఖ్యలో చేరేది ఈ గుట్ట కిందికే.

మధ్యాహ్నం ఎండలో ఖిలాకు వెళ్లవద్దు, అక్కడ నీడ తక్కువ. మూడున్నర దాటాక వెళ్తే చాలు. చాలామంది కీర్తితోరణం కింద ఫొటో దిగి ఇరవై నిమిషాల్లో బయటపడతారు, అది నాకు నచ్చదు. నాలుగు దిక్కులా ఉన్న నాలుగు తోరణాల మధ్య ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉండేది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమయ్యాక అది కూలిపోగా, తోరణాలు మాత్రం మిగిలాయి. వాటి మీద హంసలు, తామర మొగ్గలు, దండలే గాని దేవతా మూర్తులు లేవు, అందుకే వాటి జోలికి పోలేదేమోనని కొందరు అంటారు. ఆవరణలో వరుసగా పేర్చిన దూలాలు, స్తంభాల ముక్కల మధ్య తీరిగ్గా తిరిగితే ఆ గుడి ఎంత పెద్దదో మనసుకు అందుతుంది. నేల చదును కనుక అమ్మగారు కూడా నడవగలరు. పక్కనే ఉన్న ఖుష్ మహల్‌ను కూడా చూసి, వచ్చేటప్పుడు భద్రకాళి చెరువు గట్టు మీద పొద్దు వాలనిచ్చి, అమ్మవారి దర్శనం చేసుకోండి.

ఆదివారం మొత్తం రామప్పకే ఇవ్వండి. ములుగు దారిలో, పాలంపేటలో, హనుమకొండ నుంచి డెబ్బై కిలోమీటర్ల లోపే ఉంటుంది. బస్సులో అయితే జంగాలపల్లి దగ్గర దిగి ఆటో ఎక్కాలి. పెద్దవాళ్లతో కనుక కారు మాట్లాడుకోవడమే మేలు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుడి గోడలది ఎర్రని ఇసుకరాయి, స్తంభాలదీ, మదనికలనే స్త్రీ శిల్పాలదీ నల్లరాయి, శిఖరానివి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు. చూరు కింద వాలుగా నిలిచిన మదనికలను ఒక్కొక్కటిగా చూడండి: ఒకామె ఒంటికి పాము చుట్టుకుని ఉంటుంది, ఇంకొకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులుంటాయి, మరొకామె పాదంలో దిగిన ముల్లును ఒకడు తీస్తుంటాడు. చెప్పులు విడిచి తిరగాలి, ఎండ ముదిరితే బండలు కాలుతాయి. అమ్మగారికి ఒక జత సాక్సులు పెట్టుకోండి.

తిరుగు ప్రయాణం కాజీపేటలో రైలెక్కి అయితే, గంట ముందు చేరుకుని అఫ్జల్ బియాబానీ దర్గాకు వెళ్లవచ్చు. అక్కడికి హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు. సంక్రాంతి రోజుల్లో వస్తే మాత్రం ఐనవోలు మల్లన్న జాతర జనం దృష్ట్యా, మేడారం జాతర ఏడాది మాఘ పున్నమి వారంలో అయితే ములుగు దారి రద్దీ దృష్ట్యా, మరో వారం చూసుకోవడం మంచిది.