‘నోస్ఫెరాటు’లో భయం ఎక్కడుందని అడిగినవారికి

1922 నాటి జర్మన్ మూకీ సినిమా ‘నోస్ఫెరాటు’ గొప్పదని అందరూ అంటుంటే చూశాననీ, 20 నిమిషాలకే బోరు కొట్టిందనీ, భయమే వేయలేదనీ, అసలు దీన్ని ఎలా చూడాలో చెప్పమనీ అడిగారు. మీరు ఏ కాపీ చూశారో రాయలేదు. నా విషయంలో సగం సమస్య అక్కడే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను మొదటిసారి చూసింది 2012లో, హాస్టల్ గదిలో, స్నేహితుడి లాప్‌టాప్ మీద. ఎక్కడో దొరికిన ఉచిత కాపీ, గంట చిల్లర ఉంది. అంతా నలుపు తెలుపు. మనుషులు చీమల్లా గబగబా నడుస్తున్నారు. వెనకాల సీనుకు సంబంధం లేని ఆర్గన్ మోత. రక్తపిశాచి అయిన కౌంట్ ఓర్లాక్ తన శవపేటికను తానే చంకన పెట్టుకుని, ఎండ కాస్తున్న వీధిలో నడిచిపోతుంటే గదిలో అందరం పగలబడి నవ్వాం. పూర్తిగా చూడకుండానే కట్టేశాం.

ఆ ఎండ సినిమాలో లేనే లేదని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజుల్లో ఫిల్ముకు రాత్రి చీకట్లో బొమ్మ పట్టేంత శక్తి ఉండేది కాదు. అందుకని రాత్రి సీన్లు కూడా పగలే తీసి, తర్వాత ప్రింటును రంగునీళ్లలో ముంచేవారు. నీలం అంటే రాత్రి. పసుపు అంటే దీపాలు వెలిగిన గది. గులాబీ అంటే తెల్లవారుజాము. అప్పటి ప్రేక్షకులకు ఇది అలవాటైన భాష. ఎవరో ఆ రంగు పోయిన కాపీని తీసి నెట్‌లో పెడితే రాత్రులన్నీ పగళ్లయిపోయాయి.

ఇది అందం కోసం చెబుతున్న మాట కాదు. కథే దీని మీద నిలబడి ఉంది. ఈ సినిమాకు మూలం బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన ‘డ్రాక్యులా’ నవల. అందులో డ్రాక్యులా పగటిపూట కూడా తిరగగలడు. సూర్యుడి వెలుగు సోకితే రక్తపిశాచి నశించిపోతాడన్న ఊహ ఈ సినిమాతోనే వచ్చింది. తర్వాత వందేళ్లుగా వచ్చిన సినిమాల్లో చాలావరకు దాన్ని వాడుకుంటూనే ఉన్నాయి. మరి రాత్రికీ పగలుకీ తేడా తెలియని కాపీలో ఆ చివరి పొద్దు పొడుపుకు విలువేముంటుంది?

కాబట్టి ముందు మీ కాపీ మార్చండి. ఈ సినిమా దర్శకుడు మూర్నౌ పేరిట జర్మనీలో ఉన్న ఫౌండేషన్ 2006లో బాగుచేయించిన ప్రింటు ఉంది. 1922 నాటి రంగులద్దిన ఫ్రెంచి కాపీ ఆధారంగా చేశారు. నిడివి సుమారు 94 నిమిషాలు. గంటకు కాస్త అటూ ఇటూగా ఉన్నది కనిపిస్తే వదిలేయండి, అది వేగం పెంచేసినదో, కోసేసినదో అయి ఉంటుంది. హాన్స్ ఎర్డ్‌మన్ అప్పట్లో కట్టిన సంగీతాన్ని ఆర్కెస్ట్రాతో వాయించినది ఈ ప్రింటుతో దొరుకుతుంది.

నేను ఆ ప్రింటు చూసింది 2021 మే నెలలో, మా ఊరి ఇంట్లో. కరోనా రెండో వేవ్ నడుస్తోంది. రాత్రి లైట్లన్నీ తీసేసి టీవీలో పెట్టుకున్నాను. నిద్రపట్టక నానమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకు ఇంగ్లిషు రాదు కాబట్టి తెర మీద అక్షరాలు పడినప్పుడల్లా తెలుగులో చదివి చెప్పాను. మన దగ్గర మూకీల కాలంలో కూడా హాల్లో ఒక మనిషి నిలబడి అలాగే చదివి వినిపించేవాడు. చదివి చెప్పాలంటే తొందరపడటం కుదరదు. నాకు తెలియకుండానే సినిమా నడకకు నేను అలవాటు పడిపోయాను.

ఓర్లాక్ కోటలో అర్ధరాత్రి భోజనం సీను వచ్చింది. గడియారం మీద చిన్న అస్థిపంజరం బొమ్మ గంటలు కొడుతుంది. అక్కడికి అతిథిగా వచ్చిన హుట్టర్ అనే కుర్రాడు రొట్టె కోస్తూ బొటనవేలు కోసుకుంటాడు. అప్పటిదాకా కాగితాలు చదువుకుంటున్న ఓర్లాక్ లేచి ఆ చేతి వైపు వస్తాడు. అంతే. ఆ పాత్ర వేసిన మాక్స్ ష్రెక్ అరవడు, ఉరకడు. నానమ్మ అంది: “గాయన ఏం చేస్తలేడు, ఊకె నిలవడ్డడు. గని చూడబుద్ధి అయితలేదురా.” నేను ఈ సినిమా గురించి చదివిన ఏ వ్యాసంలోనూ ఆ నటన గురించి ఇంతకన్నా బాగా చెప్పలేదు. మర్నాడు హుట్టర్ తన భార్యకు ఉత్తరం రాస్తూ, మెడ మీద రెండు దోమలు పక్కపక్కనే కుట్టాయని తేలిగ్గా రాస్తాడు. చదువుతుంటే నా గొంతు పట్టేసింది.

తర్వాత ఓడ. ఓర్లాక్ మట్టి నింపిన పెట్టెల్లో ఎలుకలతో సహా సముద్రం మీద వస్తాడు. నావికులు ఒక్కొక్కరే పోతారు. చివరికి మనిషన్నవాడు కనబడని ఆ ఓడ తెరచాపలతో నిశ్శబ్దంగా హుట్టర్ ఊరి రేవులోకి జారి వస్తుంది, ఫ్రేములో ఒక పక్క నుంచి మెల్లగా. దర్శకుడు మూర్నౌ ఇలాంటివి స్టూడియోలో కాకుండా బయటే తీశాడు: విస్మార్, ల్యూబెక్ పట్టణాల్లో, స్లొవేకియాలోని ఓరవ కోటలో. అవి నిజమైన వీధులు, నిజమైన గోడలు కావడం వల్లే ఆ రాక అంత దగ్గరగా తగులుతుంది.

ఊళ్లో ప్లేగు మొదలవుతుంది. ఇళ్ల తలుపుల మీద సుద్దముక్కతో శిలువ గుర్తులు పడతాయి. ఇరుకు వీధిలో శవపేటికలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి, కిటికీలోంచి చూస్తాం. నానమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “గత్తరొచ్చినప్పుడు గిట్లనే అయిందట, మా అమ్మ చెప్తుండె. పొద్దుగాల ఒకరిని సాగనంపొస్తే మాపటికి ఇంకొకరు” అంది. గత్తర అంటే కలరా. ఆ వారం మా వీధిలోకి అంబులెన్సు రెండుసార్లు వచ్చింది. నేను రిమోట్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

నాకు ఈ సినిమా తెలిసింది అప్పుడే. మనం ఇప్పటి హారర్‌లాగా ఎప్పుడు ఉలిక్కిపడతామా అని ఎదురుచూస్తాం. ఇందులో ఉలికిపాటు లేదు. ఏదో ఊరికి వస్తోంది, దారిలో ఉంది, వచ్చేసింది, ఇక ఆపలేం అన్న టెన్షన్ ఉంది. తీసినవాళ్లు మొదటి ప్రపంచ యుద్ధాన్నీ, 1918 ఇన్‌ఫ్లుయెంజానూ చూసి వచ్చినవాళ్లు. మూర్నౌ స్వయంగా ఆ యుద్ధంలో విమానం నడిపాడు.

ఇంకో సంగతి చెప్పాలి. నవల హక్కులు కొనకుండా తీశారని స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెక్కింది. 1925లో కాపీలన్నీ నాశనం చేయాలని తీర్పొచ్చింది. అయినా కొన్ని మిగిలాయి. రఘుపతి ప్రకాశ్ 1921లో తీసిన మన తొలి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ను ఎవరూ నాశనం చేయమనలేదు. అదిప్పుడు లేదు. ఓర్లాక్ నీడ మెట్లెక్కే సీను చూసిన ప్రతిసారీ నాకు ఆ బాధ కలుగుతుంది.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ నానమ్మ అడిగింది: “గా పిల్లకు అంతా ముందుగాలనే ఎరుకే కదరా?” హుట్టర్ భార్య ఎలెన్ గురించి. ఆమె కోడి కూసేదాకా ఓర్లాక్‌ను తన దగ్గరే ఆపి, ఊరిని కాపాడి తాను చనిపోతుంది. నేను మళ్లీ పెట్టి చూశాను. మొగుడు చదవొద్దన్న పుస్తకం తెరిచిన దగ్గర నుంచి, ఎదురింటి కిటికీలో నిలబడ్డవాడి కోసం తన కిటికీ తెరిచే దాకా, ఎలెన్ పాత్ర వేసిన గ్రెటా ష్రోడర్ ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఎరుకే.