సెల్లార్ కట్టే ముందు ఒక్కసారి చదువు

చిరంజీవి అబ్బాయికి, పెద్దనాన్న ఆశీస్సులు.

కల్లూరులో కట్టే ఇంటికి సెల్లార్ తీయిస్తున్నావని మీ నాన్న చెప్పాడు. బండ్లు పెట్టుకోవడానికే కాక, ఒక గదిలో కోడలు కుట్టుమిషన్లు కూడా వేసుకుంటుందట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్లో చెబితే కొలతలు గుర్తుండవు, అందుకే రాస్తున్నాను. ఈ కాగితం మేస్త్రీకి కూడా చూపించు.

మేస్త్రీతో 'సంపు' అన్నావంటే మంచినీళ్ళ తొట్టి అనుకుంటాడు. మన ఊళ్ళో సంపంటే కుళాయి నీళ్ళు పట్టి పెట్టుకునేదే కదా. నీకు కావలసింది వేరే. సెల్లార్‌లోకి వచ్చిన నీళ్ళన్నీ దిగే గుంట ఒకటి, అందులోంచి బయటికి తోసే మోటారు ఒకటి. ఆ గుంటను మంచినీళ్ళ సంపుకు ఆనించి కట్టనివ్వొద్దు. నాకు తెలిసిన ఒక ఇంట్లో రెంటికీ ఒకటే గోడ పెట్టారు. గోడ చెమర్చి తాగేనీళ్ళు వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు.

కింద కాంక్రీటు వేయకముందే గుంట తవ్వించు. తర్వాత పగలగొట్టి తవ్వితే ఆ అతుకులోంచే ఊట పడుతుంది. రెండడుగుల చదరం, మూడడుగుల లోతు చాలు, సుమారు 340 లీటర్లు పడతాయి. సెల్లార్ మొత్తంలో పల్లంగా ఉండే మూలలో రావాలి, నేలంతా అటే వాటం ఉండాలి, పదడుగులకు అంగుళం పైచిలుకు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు. కాంక్రీటులో వాటం బాగానే ఇస్తారు, పైన బేతంచెర్ల బండలు పరిచేటప్పుడు పనివాళ్ళు అందం కోసం సమంగా పరిచేస్తారు. నీళ్ళు గుంట దాకా పోకుండా మధ్యలో నిలబడిపోతాయి. బండలు వేసే రోజు నువ్వు దగ్గరుండు. కుండెడు నీళ్ళు అవతలి మూలలో పోసి, అవి నడిచి గుంటలోకి వచ్చేదాకా చూసి మరీ కూలి ఇవ్వు.

అసలు నీళ్ళు లోపలికి రాకుండా చూడటం ముఖ్యం. బండ్లు దిగే ర్యాంపు పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు అనుకో. దాని మీద ఒక్క అంగుళం వాన పడితే సుమారు 470 లీటర్లు. దీన్ని మోటారు తోడగలదు. రోడ్డు నీళ్ళు పొర్లి దిగితే మాత్రం ఏ మోటారూ సరిపోదు. ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు ఉన్న సెల్లార్‌లో ఒక్క అంగుళం నీళ్ళు నిలిచాయంటే 2,800 లీటర్ల పైమాటే. కాబట్టి ర్యాంపు మొదట్లో రోడ్డు కంటే కనీసం ఆరంగుళాలు ఎత్తుగా దిమ్మ కట్టించు. సిమెంటు రోడ్డు మళ్ళీ వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుంది, అది మనసులో పెట్టుకుని ఇంకో నాలుగంగుళాలు కలుపుకో. ర్యాంపు దిగిన చోట అడ్డంగా కాలువ తీసి ఇనుప జాలీ వేయించు, అది గుంటలో కలవాలి. కింద బాత్రూమ్ పెట్టొద్దని నా మాట. వీధి డ్రైనేజీ నిండితే ఆ మురుగంతా ముందు నీ సెల్లార్‌లోనే పైకి తంతుంది.

మోటారు సంగతికి వస్తాను. నలభై ఏళ్ళు రివైండింగ్ చేసినవాణ్ణి, ఇది మాత్రం నిదానంగా చదువు. బావి మోటారు కాదు, మురికినీళ్ళు తోడే, నీళ్ళలో మునిగి నడిచే సబ్‌మెర్సిబుల్ తీసుకో. ఇంటికి అర హెచ్‌పీ సరిపోతుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసిన లీటర్లు చూసి మోసపోవద్దు. అవి దాదాపు ఎత్తు లేకుండా పోసే నీళ్ళు. నీకు గుంట అడుగు నుంచి రోడ్డు పైదాకా పదిహేను అడుగులు ఎక్కాలి. ఆ ఎత్తుకు నిమిషానికి ఎన్ని ఇస్తుందో పట్టికలో చూపించమని అడుగు. అడుగున ఒండ్రు పీల్చకుండా రెండు ఇటుకల మీద కూర్చోబెట్టు.

పైపులో నాన్ రిటర్న్ వాల్వ్, అంటే ఎక్కిన నీళ్ళు వెనక్కి రాకుండా ఆపేది, తప్పకుండా ఉండాలి. మా ఇంట్లో మొదటిసారి నేనే అది వద్దనుకున్నాను. రాత్రి వాన పడింది, మోటారు తోడింది, ఆగింది. పైపులో ఉన్న నీళ్ళు మళ్ళీ గుంటలో పడ్డాయి, నీళ్ళ మీద తేలుతూ మోటారు వేసే ఆపే ఫ్లోట్ స్విచ్ లేచింది, మోటారు మళ్ళీ తిరిగింది. తెల్లవార్లూ అదే పని. పొద్దున సెల్లార్ మెట్లు దిగుతుంటే కాలిన వార్నిష్ వాసన. విప్పి చూస్తే వైండింగ్ అంతా బొగ్గులా నల్లబడి, వేలు పెడితే రాలింది. ఎవరెవరి మోటార్లో బాగుచేసే నేను ఆ ఉదయం చాలా బాధపడ్డాను. వాల్వ్‌కు కింద, పైపుకు సన్నని రంధ్రం కూడా వేయించు, గాలి పట్టేయకుండా ఉంటుంది. ఫ్లోట్ వైరు పైపుకు చుట్టుకోకుండా చూసుకో.

పెద్దవాన అంటే కరెంటు పోవడం ఖాయం. ఇంట్లో ఫ్యాన్లకు పెట్టిన చిన్న ఇన్వర్టర్ ఈ మోటారును లేపలేకపోవచ్చు, ఎందుకంటే స్టార్టింగ్‌లో నడిచేటప్పటికన్నా నాలుగైదింతలు లాగుతుంది. కొనేముందు ఆ మోటారుతోనే నడిపించి చూపమను. ఇన్వర్టరూ, బ్యాటరీ, మీటరు బోర్డూ అన్నీ పైనే ఉండాలి. జనరేటర్ పెడితే ఆరుబయటే, సెల్లార్‌లో గానీ ర్యాంపు మీద గానీ వద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. మోటారుకు విడిగా లైను, దానికి కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉండాలి. అది పడిపోతే మోటారు ఆగినట్టు నీకు తెలియాలి కదా, అందుకని గుంటలో ఇంకాస్త ఎత్తున రెండో ఫ్లోట్ పెట్టి, బ్యాటరీ బెల్లు హాల్లో మోగేట్టు కట్టించు. సెల్లార్‌లో నీళ్ళు నిలిచి ఉంటే మెయిన్ ఆపకుండా కాలు పెట్టొద్దు. కోడలికి ఈ మాట విడిగా చెప్పు.

ఇదంతా వాననీళ్ళకూ, ఊటకూ పనికొచ్చేది. ఏరే వస్తే వేరు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీదికి వచ్చినప్పుడు నువ్వు టెన్త్‌లో ఉన్నావు, గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజు మోటారు మీద ఆశ పెట్టుకోవద్దు. మిషన్లు పైకి చేర్చి, మీరు ఎత్తైన చోటికి వెళ్ళిపోండి. వరద తగ్గాక కూడా సెల్లార్ తోడటానికి తొందరపడొద్దు. అప్పట్లో ఒకాయన రెండు ఇంజన్లు పెట్టి ఒక్కరోజులో సెల్లార్ ఖాళీ చేశాడు. బయట మట్టి ఇంకా నీళ్ళు తాగి ఉంది, లోపల ఆపే నీళ్ళు లేవు. మర్నాటికి గోడ లోపలికి ఉబ్బి నిలువునా పగిలింది. మొదట ఒక్క అడుగు తోడి ఆపి, గుర్తు గీసి, తెల్లారి మళ్ళీ ఎంత పెరిగిందో చూడాలి, పెరగడం ఆగాకే రోజుకు రెండు మూడు అడుగుల చొప్పున ముందుకు పోవాలి.

ఏటా మే నెలాఖరులో గుంట కడిగించి, ఫ్లోట్ లేచేదాకా బకెట్లతో నీళ్ళు పోసి మోటారు దానంతట అదే తిరిగిందో లేదో చూడు. జాలీ మీద చేరే పాలిథీన్ కవర్లు తీసేయి, ఒక్కటి లోపలికి పోయి రెక్కకు చుట్టుకుంటే చాలు.

గుంట తవ్వే రోజు ముందుగా చెప్పు, పొద్దున్నే వస్తాను. వాటం చూసే లెవెల్ ట్యూబు నా దగ్గరుంది, కొత్తది కొనొద్దు.

మీ పెద్దనాన్న