రికార్డింగ్ చెరిగిందా, కనబడటం లేదా?

ప్రశ్న: మాది 8 కెమెరాల డీవీఆర్ (సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె). మెనూలో ఏదో చూస్తూ పొరపాటున హార్డ్ డిస్క్ ఫార్మాట్ కొట్టేశాం. అర నిమిషంలో అయిపోయింది. నిన్నటి ఫుటేజ్ కావాలి. డిస్క్ విప్పి కంప్యూటర్‌కు తగిలిస్తే 'ఇనిషియలైజ్ చేయాలి' అంటోంది. ఓకే నొక్కొచ్చా?

జవాబు: నొక్కొద్దు. డిస్క్ పాడై అలా అడగడం లేదు. డీవీఆర్‌లు చాలావరకు తమ సొంత ఫైల్ సిస్టమ్‌లో, అంటే డిస్క్‌లో ఫైళ్లు అమర్చుకునే తమ సొంత పద్ధతిలో, రాసుకుంటాయి. అది అర్థం కాక విండోస్ దాన్ని ఖాళీ డిస్క్ అనుకుంటుంది. మీరు ఓకే అంటే డిస్క్ మొదట్లో తన పార్టిషన్ పట్టిక (డిస్క్‌ను ఎలా విభజించారో చెప్పే జాబితా) రాసేస్తుంది. డీవీఆర్ తన లెక్కలు పెట్టుకునేదీ చాలాసార్లు ఆ మొదట్లోనే.

అర నిమిషంలో అయిపోయిందన్నారు చూడండి, మీకు ఆశ ఉన్నది అక్కడే. 1 టీబీ డిస్క్ మొత్తం సున్నాలు రాయాలంటే గంటల పని. అర నిమిషంలో చెరిగేది సూచిక మాత్రమే, అంటే ఏ కెమెరా, ఏ గంట, డిస్క్‌లో ఎక్కడ అన్న జాబితా. వీడియో ఉన్నచోటే ఉంటుంది. దానికి అసలు ముప్పు, ఫార్మాట్ అయ్యాక డీవీఆర్ మళ్లీ మొదలుపెట్టే రికార్డింగ్. కెమెరాకు 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) చొప్పున వేసుకుంటే గంటకు 0.9 జీబీ, ఎనిమిదింటికి 7.2 జీబీ. అంత మేర పాతదాని మీద కొత్తది పడిపోతుంది. అలా పడిన భాగాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. డిస్క్ తీసేశారు, మంచి పని చేశారు. మళ్లీ డీవీఆర్‌లో పెట్టకండి.

ఇప్పుడు చేయాల్సింది నకలు. అంతే సైజు లేదా అంతకన్నా పెద్ద డిస్క్ తీసుకుని, లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే డిస్క్ కాపీ ప్రోగ్రామ్‌తో మొదటి సెక్టార్ (డిస్క్‌లోని చిన్న గడి) నుంచి చివరిదాకా కాపీ చేయండి. ఎక్కడిదాకా కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైలు తప్పకుండా ఇవ్వండి. మధ్యలో ఆగినా ఆగినచోటి నుంచే సాగుతుంది. చదవలేని సెక్టార్లను ముందు దాటేసి, చివర్లో మళ్లీ ప్రయత్నిస్తుంది. ఏది అసలు, ఏది నకలు అన్నది డిస్క్ లేబుల్ మీది సీరియల్ నంబరుతో సరిచూశాకే ఎంటర్ నొక్కాలి. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ వీడియో మీద పడుతుంది. డిస్క్ మీద ఏమీ రాయనివ్వని రైట్ బ్లాకర్ అనే పరికరం దొరికితే అసలు డిస్క్‌ను దాని ద్వారానే తగిలించండి.

ఇక వెతుకులాటంతా నకలు మీదే. ఫొటోలు వెనక్కి తెచ్చే మామూలు రికవరీ సాఫ్ట్‌వేర్లు ఇక్కడ పెద్దగా పనికిరావు. ఎనిమిది కెమెరాల ఫ్రేములు డిస్క్ మీద కలగలిసి ఉంటాయి, ఆ సాఫ్ట్‌వేర్లు ఇచ్చే ముక్కల్లో గేటు కెమెరా దృశ్యం, గోడౌన్ కెమెరా దృశ్యం కలిసిపోతాయి. డీవీఆర్‌ల కోసమే చేసిన సాఫ్ట్‌వేర్ కావాలి. చాలా కంపెనీల రికార్డింగుల్లో ఫ్రేముకో చిన్న హెడర్ ఉంటుంది, అందులో కెమెరా నంబరూ సమయమూ ఉంటాయి. సూచిక పోయినా ఆ హెడర్లను పట్టుకుని వరస పేర్చొచ్చు. ప్రతి ముక్క మొదట్లో ఒకటి రెండు సెకన్లు బొమ్మ బూడిదరంగులో అలుక్కుపోయినట్టుంటే కంగారు పడొద్దు. పూర్తి బొమ్మ ఉండే ఐ-ఫ్రేమ్ వచ్చేదాకా అంతే.

ప్రశ్న: పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్న ఫైలు ఒక కంప్యూటర్‌లో తెరుచుకోదు. ఇంకోదాంట్లో మనుషులు పరుగులు పెడుతున్నారు. ఫైలు పాడైందా?

జవాబు: పాడవలేదు. మీ దగ్గరున్నది బహుశా ముడి హెచ్.264 ఫైలు, అంటే ఎంపీ4 లాంటి పైపొర లేని, కుదించిన వీడియో. మామూలుగా అందులో సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది నమ్మకంగా తెలియదు, ప్లేయరు తనకు తోచిన అంకె వేసుకుంటుంది. డీవీఆర్ 12 ఫ్రేములతో రికార్డు చేసి, ప్లేయరు 25 అనుకుంటే రెండింతల వేగం. వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో 'ఆల్' ఎంచుకుని, ఇన్‌పుట్/కోడెక్స్ కింద డీమక్సర్స్‌లో (ఫైలును ఎలా విప్పాలో చెప్పే భాగం) హెచ్264 పెట్టండి. దాని కిందే ఫ్రేముల సంఖ్యా మార్చొచ్చు. పని అయ్యాక ఆటోమేటిక్‌కు తిప్పకపోతే మిగతా వీడియోలు తెరుచుకోవు, ఇది చాలామంది మరిచిపోతారు. ఫైలు .డీఏవీ అయితే ముందు డీవీఆర్ కంపెనీ ప్లేయర్‌తో చూడండి, సమయం సరిగ్గా చూపించేది అదే. ఎంపీ4గా మార్చేటప్పుడు మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా (కుదించకుండా) స్ట్రీమ్ కాపీ చేయాలి, అంటే వీడియోను ఉన్నదున్నట్టు కొత్త ఫైలులోకి మార్చాలి, లేదంటే నంబరు ప్లేట్లూ ముఖాలూ ఇంకా మసకబారతాయి. అసలు ఫైలును ముట్టకుండా విడిగా దాచి, దాని ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య) రాసిపెట్టుకోండి.

ప్రశ్న: సాయంత్రం 4.20కి కరెంటు వచ్చాక డీవీఆర్ ఆన్ అయింది, కానీ ఆ రోజు తేదీలో ఏమీ లేదు. 6 గంటలప్పటి దృశ్యం కావాలి.

జవాబు: క్యాలెండర్‌లో 2000 జనవరి 1కి, అక్కడ లేకపోతే 1970 జనవరి 1కి వెళ్లి చూడండి. బోర్డు మీది 3 వోల్టుల నాణెం బ్యాటరీ, ఎక్కువగా సీఆర్2032, అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా గడియారం మొదటికి వస్తుంది. రికార్డింగ్ జరుగుతుంది, తప్పుడు తేదీ కింద చేరుతుంది. గడియారం 00:00 నుంచి మొదలైతే మీకు కావలసింది 01:40 దగ్గర ఉండాలి. గడియారం సరిచేసే ముందు డీవీఆర్ చూపించే సమయమూ ఫోన్ సమయమూ ఒకే ఫొటోలో పడేలా తీసుకోండి, తేడా తర్వాత లెక్కకు వస్తుంది. అక్కడా లేకపోతే, రికార్డింగ్ 'మోషన్' (కదలిక ఉన్నప్పుడే రికార్డు) మీద పెట్టి ఉందేమో చూడండి. అప్పుడు రికార్డే కాని దాన్ని వెతుకుతున్నట్టు.

ప్రశ్న: డీవీఆర్ ఆన్ అవుతూ ఆగిపోతోంది. డిస్క్ తీసి వేరే డీవీఆర్‌లో పెట్టొచ్చా?

జవాబు: ముందు అడాప్టర్ మార్చి చూడండి. 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలోనే ఎక్కువ కరెంటు లాగుతుంది. అరిగిపోయిన అడాప్టర్ మల్టీమీటర్‌కు 12 వోల్టులు చూపించినా, ఆ లోడు పడగానే కుంగిపోతుంది. వోల్టులూ పోలారిటీ (ప్లస్, మైనస్ ఎటు ఉన్నాయన్నది) అవే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ. డిస్క్ టక్ టక్‌మంటుంటే మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి, రికవరీ ల్యాబ్‌కు ఇవ్వండి.

బోర్డే పోయుంటే అదే కంపెనీ, వీలైతే అదే సిరీస్ డీవీఆర్‌లో పెట్టొచ్చు, అదీ నకలు డిస్క్‌ను. కెమెరా వైర్లు పీకేసి, రికార్డింగ్ షెడ్యూలు ఆపి ఉంచండి. డిస్క్‌ను రీడ్-ఓన్లీగా పెట్టే వీలుంటే పెట్టండి. కొత్త డీవీఆర్ 'ఫార్మాట్ చేయాలా' అని అడిగితే జవాబు మీకు తెలుసు.