శ్రుతిపెట్టె: 640 సార్లు మోగిన పాట

ప్రశ్న: ‘ఇండీ రాక్’ అంటే ఇండియా రాక్ అనేనా? మా ఇంటి పిల్లలు తరచూ ఆ మాట అంటున్నారు.
– ఒక పాఠకుడు, జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: కాదండీ. ఇండిపెండెంట్ అనే మాటను కుదిస్తే ఇండీ అయింది. పెద్ద రికార్డు కంపెనీల పెట్టుబడి లేకుండా, సొంతంగానో చిన్న సంస్థ ద్వారానో పాట విడుదల చేసుకునేవాళ్లను మొదట అలా పిలిచేవారు. 1977 జనవరిలో ఇంగ్లండులోని మాంచెస్టర్ బ్యాండు బజ్‌కాక్స్ 500 పౌండ్లు అప్పు చేసి, నాలుగు పాటల రికార్డును సొంతంగా 1,000 కాపీలు వేయించింది. అవి త్వరగానే అమ్ముడుపోయాయి. అది చూసి చాలామందికి ధైర్యం వచ్చింది. తర్వాత్తర్వాత ఒక రకం గిటారు సంగీతానికే ఆ పేరు స్థిరపడింది.

ప్రశ్న: మేం నలుగురం. నేను డ్రమ్స్ వాయిస్తాను. రెండేళ్లు సాధన చేసి, ఇంట్లోవాళ్ల దగ్గర తలా కొంత తీసుకుని, మా మొదటి పాటను స్పాటిఫైలో (ఫోనులో పాటలు వినే యాప్‌లో) పెట్టాం. తెలుగు పాట, మధ్యలో ఒక ఒడియా చరణం. మూడు నెలల్లో 640 సార్లు మోగింది. అందులో సగం మా వాళ్లు విన్నవే అయివుంటాయి. భువనేశ్వర్‌లో బ్యాండ్ల గురించి రాసే ఒకాయన ‘గిటారు బాగుంది, మాటలు అర్థం కాలేదు’ అని ఒక్క వాక్యం రాశారు. శ్రీకాకుళం, విశాఖ స్నేహితులు ‘ఇదేం తెలుగు’ అన్నారు. రూపాయి రాలేదు. హిందీలో పాడదాం, లేకపోతే మానేద్దాం అంటున్నాడు మా గాయకుడు. మా పేర్లు వేయవద్దు.
– పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: బాబూ, మీరు పంపిన పాట మొదట ఫోనులో విన్నాను. తర్వాత మా ఇంట్లో ఉన్న పాత స్పీకర్లలో, రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మరో రెండుసార్లు.

మహేంద్రతనయ వంతెన దాటి పాతపట్నం వెళ్లి వచ్చే కుర్రవాడి పాట అది. ఒక నిమిషం నలభై సెకన్ల దగ్గర మీరు డ్రమ్స్ ఆపేశారు. బేస్ గిటారు ఒక్కటే రెండు స్వరాల మధ్య తిరుగుతూ ఉంటే, గాయకుడు గొంతు తగ్గించి ఒడియాలోకి వెళ్లాడు. ఊపిరి పీల్చిన చప్పుడు కూడా వినిపించింది. మళ్లీ తెలుగులోకి వచ్చేటప్పుడు హై-హ్యాట్ (డ్రమ్స్ పక్కనుండే జంట తాళాలు) మీద మీరు మెల్లగా ఎనిమిది దెబ్బలు వేశారు, వంతెన అతుకుల మీదుగా సైకిలు పోతున్నట్టు. అక్కడ ఆపి, వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. నేను బరంపురంలో ఇరవై రెండేళ్లు పాటకచేరీల్లో పాడినదాన్ని. ఒకే సాయంత్రం ఒడియా, తెలుగు, హిందీ పాటలు పాడేవాళ్లం. ఒక భాష పాట ముగిసి, చప్పట్లు ఆగాకే ఇంకో భాష పాట. రెండు భాషలు ఒకే పాటలో ఇమడవచ్చని మా జట్టులో ఎవరికీ తట్టలేదు. మీకు తట్టింది.

మాటలు అర్థం కాలేదన్న ఫిర్యాదు మాత్రం నిజమే. ఆ లోపం మిక్సింగ్‌లో, అంటే గొంతును, వాయిద్యాలను పాళ్లు చూసి కలపడంలో ఉంది. గిటార్లు రెండూ గొంతు మోగే చోటే, గొంతు ఎత్తులోనే మోగుతున్నాయి. పల్లవిలో సగం అక్షరాలు ఆ హోరులో కొట్టుకుపోయాయి. ఇంకో సంగతి. ఫోను స్పీకరులో బేస్ గిటారు దాదాపు వినిపించదు. నాకు అంతగా నచ్చిన ఆ చోటు ఫోనులో విన్నప్పుడు వట్టి ఖాళీలా అనిపించింది. మీ పాట విన్నవాళ్లలో ఎక్కువమంది ఫోనులోనే విని ఉంటారు. గొంతును కాస్త ముందుకు తెచ్చి, గిటార్లను చెరో పక్కకు జరిపి, బేస్‌కు కొంచెం గరుకుదనం ఇచ్చి మళ్లీ మిక్స్ చేయించండి. చేతిలో ఉన్న డబ్బు రెండో పాటకంటే ముందు దీనికి పెట్టండి.

‘ఇదేం తెలుగు’ అన్న మాట నన్ను చాలా బాధపెట్టింది. గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్లోనే పిల్లలకు పాఠాలు చెప్పారు. సవర గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు తయారుచేశారు. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని ఏళ్ల తరబడి పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆయన పనిచేసిన ఊరి పిల్లలు ఇంటి తెలుగులో పాడితే వెక్కిరించడం ఏమిటి? మీ గాయకుడు హిందీలో పాట రాయాలనుకుంటే రాయనివ్వండి, లోపలి నుంచి ఆ భాషలో వస్తే. వినేవాళ్లు పెరుగుతారన్న లెక్కతో అయితే వద్దు. హిందీలో పాడే బ్యాండ్లు లెక్కలేనన్ని. ఆ వంతెన మీద పాట కట్టిన బ్యాండు నాకు తెలిసి మీదొక్కటే.

డబ్బు సంగతి: స్పాటిఫై 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1,000 సార్లయినా వినని పాటకు రాయల్టీ లెక్క కట్టడం లేదు. మీ పాట ఇంకా ఆ గీత దాటలేదు, అంతే. ఈలోగా మాటలు ఎవరివి, బాణీ ఎవరిది, ఎవరి వాటా ఎంత అన్నది కాగితం మీద రాసుకుని నలుగురూ సంతకాలు చేయండి. స్నేహం బాగున్నప్పుడే చేయాల్సిన పని ఇది. మాటలు రాసినవారు, బాణీ కట్టినవారు, తమలాంటివారికి రావలసిన రాయల్టీ వసూలు చేసి పంచే ఇండియన్ పెర్‌ఫార్మింగ్ రైట్ సొసైటీలో సభ్యత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

మూడు నెలలకే తీర్పు వచ్చేసిందనుకోకండి. ఇంగ్లండు బ్యాండు రేడియోహెడ్ ‘క్రీప్’ పాట 1992 సెప్టెంబరులో వచ్చినప్పుడు బ్రిటన్ అమ్మకాల పట్టికలో 78వ స్థానం దగ్గర ఆగిపోయింది. మరీ దిగులుగా ఉందని బీబీసీ రేడియో 1 దాన్ని పెద్దగా వేయలేదు. ఎక్కడో ఇజ్రాయెల్‌లో ఒక రేడియో వ్యాఖ్యాత దాన్ని పట్టుకుని పదేపదే వేశాడు. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక స్టేషను అందుకుంది. ఏడాదికి అదే పాటను మళ్లీ విడుదల చేస్తే సొంత దేశంలో 7వ స్థానానికి వెళ్లింది.

మీకు మరింత దగ్గరైన కథ ఆర్.ఇ.ఎమ్. అనే బ్యాండు వాళ్లది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే చిన్న ఊరి నలుగురు కుర్రాళ్లు. 1981లో ఒక చిన్న కంపెనీ వాళ్ల మొదటి రికార్డు 1,000 కాపీలు వేసింది. శబ్దం నచ్చక గిటారిస్టు పీటర్ బక్ ఒక కాపీని విరగ్గొట్టి గోడకు అంటించాడు. అదే రికార్డును న్యూయార్క్ టైమ్స్ ఆ ఏటి పది మేటి సింగిల్స్‌లో (విడిపాటల రికార్డుల్లో) చేర్చింది. ఇంతకీ, ఆ మొదటి కాపీల్లో చాలావాటి మీద కంపెనీ చిరునామానే లేదు.

అది చదివినప్పుడు నా గుండె కలుక్కుమంది. 1989లో మేం ముగ్గురం కలిసి ఆరు తెలుగు పాటలతో 300 క్యాసెట్లు వేయించాం. నలభై అమ్ముడయ్యాయి. మిగతావి అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించాం. పదకొండేళ్ల తర్వాత రాయగడలో ఒక పెళ్లిలో పాడుతుంటే ఒక హెడ్మాస్టరు గారు నా గొంతు గుర్తుపట్టి, ఇంటికి వెళ్లి ఆ క్యాసెట్ తెచ్చి చూపించారు. టేపు రెండుచోట్ల తెగితే గోళ్లరంగుతో అతికించుకున్నారు. ఎర్రటి చుక్కలు రెండు కనిపించాయి. ఇంకొకటి కొందామని రెండుసార్లు బరంపురం వచ్చి దుకాణాల్లో అడిగారట. క్యాసెట్ అట్ట మీద పాటల పేర్లు ఉన్నాయి, మా చిరునామా లేదు. మా అటక మీద 260 ఉన్నాయి.

మీ పాట పేజీ తెరిచి చూశాను. నలుగురి పేర్లు లేవు, మాటలు లేవు, ఊరి పేరు లేదు, ఈమెయిల్ లేదు. ఈ రోజే పెట్టండి. ఒడియా చరణాన్ని తెలుగు లిపిలోనూ, తెలుగు చరణాలను ఒడియా లిపిలోనూ కూడా రాసి పెట్టండి. భువనేశ్వర్ ఆయనకు ఆ మాటలు, కొత్త మిక్సింగ్ పంపి, మరోసారి వినమని మర్యాదగా అడగండి. గిటారు బాగుందని రాసిన మనిషి పాట ఇంకోసారి వింటారనే నా నమ్మకం.

ప్రశ్న: మా అబ్బాయి బ్యాండు మొదటి పాట వచ్చింది. మా అత్తగారు అరుపులంటున్నారు. నిజం చెప్పాలంటే నాకూ నచ్చలేదు. నచ్చిందని అబద్ధం చెప్పనా?
– ఒక తల్లి, గుణుపురం

జవాబు: వద్దమ్మా, పిల్లలకు తెలిసిపోతుంది. వాడు ఏ వాయిద్యం వాయిస్తాడో మీరు రాయలేదు. ముందు అది అడగండి. పాటలో తన భాగం ఒక్కటే ఇంట్లో వాయించి చూపించమనండి. అది చెవికి పట్టాక పాట మొత్తం పెట్టమనండి. ఈసారి శబ్దం కొంచెం తగ్గించి, అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని వినండి.