ప్రధాని నోట ఏ మాట వస్తుందో ఊహించి డబ్బు పెడితే మిగిలేదెంత?

బ్రిటన్ ప్రధాని పార్లమెంటులో ప్రశ్నలకు జవాబిచ్చేటప్పుడు ఫలానా మాట అంటారా, అనరా అని డబ్బు పెట్టే ప్రిడిక్షన్ మార్కెట్లు ఉన్నాయి కదా, రాజకీయాలు బాగా ఫాలో అయ్యేవాళ్లకు అందులో లాభం ఉంటుందా అని అడిగారు. అమెరికాలో ఉంటూ నేను ఐదారు నెలలు ఆడాను. నాకున్న రాజకీయ జ్ఞానం పెద్దగా అక్కరకు రాలేదు. చెయ్యి కాలిందంతా రూల్స్ దగ్గరే.

ఒక మాట ధర 70 సెంట్లు ఉందనుకోండి. ప్రధాని అంటే డాలర్ వస్తుంది, అనకపోతే పెట్టింది పోతుంది. ఇంతే. ఓ బుధవారం "టారిఫ్" మీద 60 డాలర్లు పెట్టాను. ఆ వారం వార్తలన్నీ దాని గురించే. ప్రతిపక్ష నాయకురాలు ఆ మాట మూడుసార్లు అన్నారు, నేను కుర్చీలోంచి లేచాను కూడా. ప్రధాని మాత్రం "వాణిజ్యం", "ఒప్పందం" అంటూ చుట్టూ తిరిగారు తప్ప ఆ మాట ఎత్తలేదు. రూల్లో "ప్రధాని నోట" అని స్పష్టంగానే ఉంది. చదవనిది నేనే. ఇంకోసారి "ఇన్‌ఫ్లేషన్" కొంటే ఆయన "ఇన్‌ఫ్లేషనరీ" అన్నారు. నేను వాడిన సైటులో బహువచనం చెల్లుతుంది, ఇలా రూపం మారితే చెల్లదు.

పార్టీల సంగతికన్నా సభ నడిచే తీరు తెలిస్తే కొంత నయం. ఈ ప్రశ్నల కార్యక్రమం బుధవారం లండన్ టైమ్ మధ్యాహ్నం 12 గంటలకు మొదలై అరగంట, ఒక్కోసారి ఇంకాస్త సాగుతుంది. 1997లో అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ మార్చకముందు మంగళ, గురువారాల్లో పావుగంట చొప్పున ఉండేది. ప్రతిపక్ష నేతకు ఆరు ప్రశ్నలు, మూడో పెద్ద పార్టీ నేతకు రెండు. మిగతా సభ్యుల పేర్లు లాటరీలో వస్తాయి. ఆరో ప్రశ్న తర్వాత ప్రతిపక్ష నేతకు మళ్లీ లేచే వీలుండదు కాబట్టి, నేను చూసినంతలో ప్రధాని రాసి తెచ్చుకున్న దెప్పిపొడుపులన్నీ ఆ జవాబులోనే పడతాయి. ఐదో ప్రశ్న దాకా మాట రాలేదని కంగారుపడి అమ్ముకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. సొంత పార్టీ సభ్యుల ప్రశ్నలు వేరే రకం. తమ ఊరి ఆసుపత్రి గురించో రోడ్డు గురించో అడుగుతారు, ప్రధాని మురిసిపోతూ పథకాల పేర్లు చదువుతారు.

ప్రధాని విదేశాల్లో ఉంటే ఉపప్రధాని లేస్తారు. అప్పుడు మీరు కొన్నది ఏమవుతుందో ముందే చూసుకోండి. తర్వాత హాన్సార్డ్ (సభలో మాట్లాడినదానికి అధికారిక రికార్డు) చూపించి వాదిద్దామనుకోకండి. అందులో తడబాట్లు, తిరిగి చెప్పిన మాటలు తీసేసి అచ్చు వేస్తారు. వీడియోలో విన్నదే నమ్మాలి.

టైమ్ మాట చెప్పాలి. మాకు ఈస్టర్న్‌లో, అంటే న్యూయార్క్ టైమ్‌లో, ఇది మామూలుగా ఉదయం 7 గంటలకు వస్తుంది. మార్చిలో అమెరికా గడియారాలు ముందు మారతాయి, బ్రిటన్‌వి నెలాఖరుకు. ఆ మధ్య 8 గంటలకన్నమాట. తెలియక ఓ గంట ముందే కూర్చుని, మార్కెట్ కదలట్లేదేంటని తిట్టుకున్నాను. లైవ్‌లో కొనడం కూడా దండగే. మన స్ట్రీమ్ కొన్ని సెకన్లు వెనక ఉంటుంది, ముందు విన్నవాడు మనకు అమ్మేస్తాడు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది వేరు. 2025 అక్టోబరులో క్రిప్టో కంపెనీ కాయిన్‌బేస్ అధిపతి బ్రయన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ ఫలితాల కాల్ చివర్లో, జనం పందెం కాసిన మాటలను సరదాగా వరసపెట్టి చదివేశారు. మాట్లాడేవాడి చేతిలోనే ఫలితం ఉంటే మన విశ్లేషణకు విలువేముంది? సభలోనైతే ఎవరో ఒక సభ్యుడు ప్రశ్నలో ఆ మాట ఇరికిస్తే చాలు, జవాబులోకి జారే అవకాశం పెరుగుతుంది.

లెక్క అడుగుతారేమో, గెలిచినవి పోగా 140 డాలర్లు పోయాయి. ఫీజులు కలపలేదు.