అయోవా కోచ్‌లు: తొమ్మిది సీజన్ల అభిమానిగా నా సమాధానం

వచ్చే ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి అయోవా సిటీ వెళ్తున్నానని, అక్కడి యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అభిమానులు తమ కోచ్‌లను ఒక వాక్యంలో పొగిడి మరుసటి వాక్యంలోనే తప్పుపడుతున్నారని, ఇంతకీ ఆ కోచింగ్ సిబ్బంది సమర్థులా కాదా అని మీరు అడిగారు. నేను 2017 ఆగస్టులో అదే యూనివర్సిటీలో చేరాను. చదువు పూర్తయ్యాక పక్క ఊరు సీడర్ రాపిడ్స్‌లోనే ఉద్యోగం దొరకడంతో ఈ జట్టుకు దూరం కావలసిన అవసరం రాలేదు. కాబట్టి దగ్గరగా చూసిన మనిషిగా జవాబు రాస్తున్నాను.

వాళ్ళు సమర్థులే, ఆ విషయంలో నాకు సందేహం లేదు. అయితే ఈ సిబ్బందికి బలమంతా ఎక్కడి నుంచి వచ్చిందో, వాళ్ళు చేసిన అతి పెద్ద తప్పు కూడా అక్కడి నుంచే వచ్చింది. వీళ్ళు మనుషులను అంత తొందరగా మార్చరు. అభిమానులు ఒకే నోటితో రెండు మాటలు మాట్లాడటానికి కారణం అదే.

హెడ్ కోచ్ కిర్క్ ఫెరెంట్జ్ 1998 డిసెంబరులో ఈ పదవిలోకి వచ్చారు. అంతకు ముందు 1981 నుంచి 1989 దాకా ఇక్కడే హేడెన్ ఫ్రై అనే గొప్ప కోచ్ దగ్గర అఫెన్సివ్ లైన్‌కు, అంటే బంతి పట్టుకున్నవాడికి ముందు గోడలా నిలబడే అయిదుగురికి, శిక్షణ ఇచ్చారు. ఆ ఫ్రై సిబ్బందిలోనే పనిచేసిన బిల్ స్నైడర్ తరువాత కాన్సాస్ స్టేట్‌ను, బ్యారీ అల్వారెజ్ విస్కాన్సిన్‌ను నిలబెట్టారు. ఫెరెంట్జ్ తొలి సీజన్‌లో జట్టు ఒక్క ఆట గెలిచి పది ఓడిపోయింది, రెండో సీజన్‌లో మూడు గెలిచి తొమ్మిది ఓడిపోయింది. ఈనాటి పద్ధతిలో అయితే మూడో ఏడాది ఆయన ఆ కుర్చీలో ఉండేవారు కాదేమో. యూనివర్సిటీ ఓపిక పట్టింది. 2002లో జట్టు బిగ్ టెన్ కాన్ఫరెన్స్ (మా జట్టు ఆడే యూనివర్సిటీల లీగ్) ఆటలు ఎనిమిదింటికి ఎనిమిదీ గెలిచింది. 2025 సెప్టెంబరులో మసాచుసెట్స్‌పై 47-7తో గెలిచిన రోజున ఆయన 206వ విజయం సాధించి, బిగ్ టెన్ కోచ్‌లలో ఒహాయో స్టేట్‌కు చెందిన వుడీ హేస్ పేరిట ఉన్న రికార్డును దాటారు. తనపై చూపిన ఆ ఓపికనే ఆయన తన కింద పనిచేసేవాళ్ళపైనా చూపిస్తూ వచ్చారని నేను అనుకుంటాను.

ఈ పద్ధతి ఎంత మేలు చేసిందో తెలుసుకోవాలంటే డిఫెన్స్‌ను, అంటే ప్రత్యర్థిని పాయింట్లు చేయకుండా అడ్డుకునే ఆటగాళ్ళను, చూడాలి. ఫిల్ పార్కర్ 1999లో, అంటే ఫెరెంట్జ్ తొలి సీజన్‌లోనే, సెకండరీ కోచ్‌గా చేరారు. సెకండరీ అంటే డిఫెన్స్‌లో అందరికన్నా వెనుక నిలబడి, గాలిలో వచ్చే పాసులను కాచుకునే ఆటగాళ్ళు. అప్పటి డిఫెన్సివ్ కోఆర్డినేటర్ (డిఫెన్స్ మొత్తానికీ బాధ్యుడైన కోచ్) నార్మ్ పార్కర్‌కూ ఆయనకూ ఇంటిపేరు ఒకటే తప్ప బంధుత్వం లేదు. నార్మ్ పార్కర్ విరమించిన తరువాత 2012 నుంచి ఫిల్ పార్కరే కోఆర్డినేటర్. 2023లో ఆయనకు దేశంలో ఉత్తమ సహాయ కోచ్‌కు ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు వచ్చింది. ఆయన ఆటలో ఆశ్చర్యపరిచే ఎత్తులు తక్కువగా ఉంటాయి. ఒక్కొక్కరికీ మైదానంలో కొంత జాగా అప్పగిస్తారు, ఆ జాగాలోకి వచ్చే బంతిని ఎలా చదవాలో, అడుగు ఏ కోణంలో వేయాలో ఏళ్ళ తరబడి నేర్పుతారు. ప్రత్యర్థులందరికీ వీళ్ళు ఏం చేస్తారో ముందే తెలుసు, తెలిసి కూడా పాయింట్లు రాబట్టలేకపోతారు.

2017 నవంబరు 4న ఒహాయో స్టేట్ మా కినిక్ స్టేడియంకు వచ్చింది. నేను విద్యార్థుల గ్యాలరీలో ఉన్నాను, ఆట నియమాలు అప్పటికి సగమే అర్థమయ్యాయి. ఆ జట్టు బంతి అందుకున్న మొట్టమొదటి ఎత్తులోనే అమానీ హూకర్ పాసును మధ్యలో అందుకుని నేరుగా టచ్‌డౌన్‌కు, అంటే బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించడానికి, పరుగెత్తాడు. ఆ రోజు జాష్ జాక్సన్ ఒక్కడే మూడు ఇంటర్‌సెప్షన్లు (ఇలా ప్రత్యర్థి పాసును మధ్యలో అందుకోవడం) చేశాడు. ఆట 55-24తో ముగిసింది. నా పక్కన నిలబడిన ల్యాబ్ సహచరుడు మొక్కజొన్న పండించే కుటుంబం నుంచి వచ్చినవాడు. బంతిని చూడటం మానేసి, పాస్ గాలిలోకి లేవకముందే వెనుకనున్న నలుగురూ ఎటు కదులుతున్నారో చూడమని అతడు చెప్పాడు. ఈ కోచ్‌ల పని నాకు కనబడటం మొదలైంది ఆ రోజు నుంచే.

ఇక్కడికి వచ్చే ఆటగాళ్ళలో ఎక్కువమంది పెద్ద కాలేజీలు వెంటపడినవాళ్ళు కారు. డెట్రాయిట్ నుంచి వచ్చిన డెస్మండ్ కింగ్‌ను పెద్ద జట్లు పెద్దగా పట్టించుకోలేదు, 2015లో అతడు దేశంలో ఉత్తమ డిఫెన్సివ్ బ్యాక్‌కు, అంటే సెకండరీ ఆటగాడికి, ఇచ్చే థార్ప్ అవార్డు గెలిచాడు. అయోవా రాష్ట్రంలోనే ఓడెబోల్ట్ అనే చిన్న ఊరి కూపర్ డిజీన్ హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్, అంటే పాసులు విసిరి దాడిని నడిపించేవాడు. పార్కర్ దగ్గర 2022లో మూడు ఇంటర్‌సెప్షన్లను టచ్‌డౌన్లుగా మార్చాడు. 2025 ఫిబ్రవరిలో, తన 22వ పుట్టినరోజునే, ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లోనూ అదే పని చేశాడు. అఫెన్సివ్ లైన్‌లోనూ ఇదే కథ. డిఫెన్స్‌లో ఆడటానికి వచ్చిన టైలర్ లిండర్‌బామ్‌ను సెంటర్ స్థానానికి, అంటే ఆ లైన్ నడిమి చోటికి, మార్చారు, 2021లో ఉత్తమ సెంటర్‌కు ఇచ్చే రిమింగ్టన్ ట్రోఫీ అతడికే దక్కింది. సిబ్బంది ఏటేటా మారుతూ ఉంటే ఇటువంటి నిదానమైన శిక్షణ సాధ్యపడదు. నాలుగేళ్ళ తరువాత ఈ కుర్రవాడు ఏమవుతాడో ఇప్పుడే చూడగలిగిన కోచ్, నాలుగేళ్ళ తరువాత కూడా అక్కడే ఉండాలి కదా.

ఇప్పుడు నొప్పి కలిగించిన భాగానికి వస్తాను. 2017లో అఫెన్సివ్ కోఆర్డినేటర్ (పాయింట్లు సాధించవలసిన అఫెన్స్‌కు బాధ్యుడైన కోచ్) పదవి హెడ్ కోచ్ పెద్ద కొడుకు బ్రయన్ ఫెరెంట్జ్‌కు దక్కింది. బంధువుల కింద బంధువులు పనిచేయరాదన్న నియమం వల్ల కాగితం మీద ఆయన తండ్రికి కాక అథ్లెటిక్ డైరెక్టర్‌కు (యూనివర్సిటీ క్రీడా విభాగం అధిపతికి) జవాబుదారీ. ఒహాయో స్టేట్‌పై సాధించిన ఆ 55 పాయింట్లు ఆయన తొలి సీజన్‌వే. అందువల్ల మొదట్లో ఎవరూ గట్టిగా అభ్యంతరం చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు. తరువాత 2021 నుంచి అఫెన్స్ మా కళ్ళ ముందే క్షీణించింది.

2022లో మా నాన్నగారు హనుమకొండ నుంచి వచ్చి నా దగ్గర కొన్ని నెలలు ఉన్నారు. ఆయన ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. సెప్టెంబరు 3న సౌత్ డకోటా స్టేట్‌తో ఆటకు ఆయనను తీసుకుని వెళ్ళాను. మేము 7-3తో గెలిచాం. ఏడు అంటే ఒక టచ్‌డౌన్, దాని వెంట ఒక అదనపు పాయింటు అని ఈ ఆట తెలిసిన ఎవరైనా అనుకుంటారు. మాకు ఆ రోజు టచ్‌డౌనే లేదు. బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నిన ఒక ఫీల్డ్ గోల్‌కు మూడు పాయింట్లు, ప్రత్యర్థిని వాళ్ళ గోల్ గీత వెనుకే పడగొట్టినందుకు రెండేసి చొప్పున రెండు సేఫ్టీలకు నాలుగు. అంటే ఆ నాలుగూ డిఫెన్స్ సంపాదించి పెట్టినవే. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన టోరీ టేలర్ మళ్ళీ మళ్ళీ బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థిని మూలకు నెడుతూ ఉంటే, ప్రేక్షకులు టచ్‌డౌన్‌కు లేచినట్టు లేచి చప్పట్లు కొట్టారు. నాన్నగారు అఫెన్స్ ఎవరి బాధ్యత అని అడిగారు, చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు కారులో అన్నారు: "మా బడిలో నా తమ్ముడి కొడుకును నా సెక్షన్‌లో వేయనివ్వలేదురా నేను. వాడు చదవకపోతే నేను కొట్టలేను, వాడు బాగా చదివితే ఊళ్ళోవాళ్ళు నమ్మరు. రెండు విధాలా నష్టపోయేది పిల్లవాడే." బ్రయన్ ఫెరెంట్జ్ గురించి ఇంతకన్నా న్యాయమైన మాట నేను ఎక్కడా వినలేదు.

2023 ఫిబ్రవరిలో యూనివర్సిటీ ఆయన ఒప్పందాన్ని సవరించింది. జీతం 9 లక్షల డాలర్ల నుంచి 8 లక్షల 50 వేలకు తగ్గింది. జట్టు ఆటకు సగటున 25 పాయింట్లు సాధించాలని, కనీసం ఏడు ఆటలు గెలవాలని షరతు పెట్టారు. ఒక శిక్షకుడి పనిని ఇలా ఊరంతా లెక్కపెట్టుకునే అంకెగా మార్చడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ప్రతి శనివారం ఆట చూడవలసినవాళ్ళం కూడికలు చేస్తూ కూర్చున్నాం. ఆ సీజన్‌లో క్వార్టర్‌బ్యాక్ కేడ్ మెక్‌నమారా మోకాలు దెబ్బతింది, ప్రధానమైన టైట్ ఎండ్‌లు (ప్రత్యర్థిని అడ్డుకుంటూ పాసులూ అందుకునేవాళ్ళు) ఇద్దరూ గాయపడ్డారు. వాటిని లెక్కలోకి తీసుకోకుండా బ్రయన్‌ను నిందించడం అన్యాయమే. అయినా ఆటకు సగటు 15.4 పాయింట్లు, బంతిని ముందుకు తీసుకువెళ్ళిన మొత్తం యార్డుల్లో దేశంలోని 133 జట్లలో చివరి స్థానం అన్నది గాయాలతో మాత్రమే సర్దిచెప్పుకోగలిగిన ఫలితం కాదు. అక్టోబరు 30న తాత్కాలిక అథ్లెటిక్ డైరెక్టర్ బెత్ గెట్జ్, ఈ సీజన్ తరువాత ఆయన కొనసాగరని ప్రకటించారు. ఆ ప్రకటన తరువాత జట్టు 10-7, 22-0, 15-13, 13-10తో వరుసగా నాలుగు ఆటలు గెలిచింది. ఆ స్కోర్లలో డిఫెన్స్ పనితనం, అఫెన్స్ దైన్యం రెండూ పక్కపక్కనే ఉన్నాయి. చివరికి బిగ్ టెన్ ఫైనల్లో మిషిగన్ చేతిలో 26-0తో, సీజన్ చివర ఆడే సిట్రస్ బౌల్‌లో టెనెసీ చేతిలో 35-0తో ఓడిపోయాం. బ్రయన్‌ను తప్పించే నిర్ణయం హెడ్ కోచ్ స్వయంగా, కనీసం ఒక ఏడాది ముందు తీసుకుని ఉండవలసిందని నా అభిప్రాయం. పార్కర్ శిష్యులు ఏళ్ళ తరబడి పడిన శ్రమకు తగిన ఫలితం వాళ్ళకు దక్కలేదన్న బాధ నాకు ఇంకా ఉంది.

పాతవాళ్ళను అంటిపెట్టుకుని ఉండటం వల్ల జరిగిన నష్టం అఫెన్స్‌తో ఆగలేదు, దీన్ని దాచి సమాధానం రాయలేను. 2020 జూన్‌లో పలువురు నల్లజాతి పూర్వ ఆటగాళ్ళు జట్టులో తమను చూసిన తీరు గురించి బహిరంగంగా మాట్లాడారు. 1999 నుంచి ఉన్న వ్యాయామ శిక్షణ కోచ్‌తో యూనివర్సిటీ తెగతెంపులు చేసుకుంది. ఆ విషయమై వేసిన దావా 2023లో 41 లక్షల 75 వేల డాలర్లతో పరిష్కారమైంది. ఇరవై ఏళ్ళు ఒకే గదిలో కూర్చున్న మనుషులకు ఆ గదిలో ఎవరికి ఊపిరాడటం లేదో కనబడకపోవచ్చు. ఆ తరువాత ఫెరెంట్జ్ కొన్ని నియమాలను సడలించి, ఆటగాళ్ళ మాట వినడం మొదలుపెట్టారన్నది నిజమే. ఆ పని చాలా ఆలస్యంగా జరిగిందన్నది కూడా నిజమే.

2024 ఆరంభంలో టిమ్ లెస్టర్‌ను బయటి నుంచి తెచ్చి అఫెన్స్ అప్పగించారు. ఆ ఏడాదే కేలెబ్ జాన్సన్ బంతి పట్టుకుని 1,537 గజాలు పరుగెత్తాడు, జట్టు సగటు 27 పాయింట్లు దాటింది. 2025లో క్వార్టర్‌బ్యాక్‌గా వచ్చిన మార్క్ గ్రొనోవ్‌స్కీ ఎవరో కాదు, ఆ 7-3 ఆటలో మా డిఫెన్స్ అవతలి పక్షాన ఒక్క టచ్‌డౌన్ కూడా చేయనివ్వని సౌత్ డకోటా స్టేట్ కుర్రవాడే. ఫోనులో ఈ సంగతి చెబితే నాన్నగారు ఆ రోజు అతడు వేసుకున్న జెర్సీ రంగు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించారు.

మీరు వచ్చాక విద్యార్థి టికెట్ తీసుకోండి. మొదటి క్వార్టర్ అయిపోగానే స్టేడియమంతా పక్కనున్న పిల్లల ఆసుపత్రి వైపు తిరిగి చేతులు ఊపుతుంది, మీరూ ఊపండి. తరువాత ప్రత్యర్థి మూడో డౌన్ (పది గజాలు సాధించడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఆడుతున్నప్పుడు బంతిని వదిలేసి, వెనుక నిలబడ్డ ఆ నలుగురి పాదాలను గమనించండి. పార్కర్ ఇన్నేళ్ళుగా అక్కడ ఏం చేస్తున్నారో నా మాటలకన్నా మీకు అదే బాగా చెబుతుంది.