లాభం సరే, డబ్బు వచ్చిందా?

ప్రశ్న: విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాను, రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మా అల్లుడి మాట మీద ఒక కంపెనీ షేర్లు కొన్నాను. 280 పేజీల వార్షిక నివేదిక ఈమెయిల్‌లో వచ్చింది. తెరిచి, భయపడి మూసేశాను. ఎక్కడ మొదలుపెట్టాలి? పాత నివేదికలు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: మాస్టారూ, ముందున్న రంగుల పేజీలు దాటేయండి. చైర్మన్ గారి ఫొటోను తరవాత తీరిగ్గా చూడవచ్చు.

నేను గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో పదకొండేళ్ళు పద్దులు రాశాను. ఏప్రిల్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్ముడుపోయేవి, చిట్టాలో లాభం కనిపించేది. కొన్న వ్యాపారి డబ్బు దసరాకు గానీ వచ్చేది కాదు. ఈలోగా హమాలీల కూలికి మా యజమాని వడ్డీకి తెచ్చేవారు. అందుకే ఇప్పటికీ నా కన్ను ముందు క్యాష్ ఫ్లో పట్టిక, అంటే డబ్బు రాకపోకల పట్టిక మీదే పడుతుంది.

అందులో వ్యాపార కార్యకలాపాల నుంచి వచ్చిన నగదు ఎంతో ఉంటుంది. ఐదేళ్ళ నికరలాభం ఒక వరసలో, ఈ నగదు పక్క వరసలో రాయండి. అనుబంధ కంపెనీలుంటే కన్సాలిడేటెడ్ లెక్కలే, అంటే అన్నీ కలిపి చూపినవే తీసుకోండి. లాభం పెరుగుతూ నగదు రాకపోతే, లెక్కల వెనక ఉండే వివరణల్లో (నోట్సులో) రావలసిన బాకీల పట్టిక వెతకండి. ఆరు నెలల లోపువి ఎన్ని, మూడేళ్ళు దాటినవి ఎన్ని అని, కంపెనీల లెక్కల నమూనాకు 2021లో చేసిన సవరణ తరవాత విడదీసి చూపుతున్నారు. మూడేళ్ళు దాటిన బాకీని మా కొట్టులో ఆశ వదులుకున్న పద్దు అనేవాళ్ళం.

నగదు అంకెనూ గుడ్డిగా నమ్మకండి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ చైర్మన్ మోసం ఒప్పుకున్న లేఖ ప్రకారం, పద్దుల్లోని నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనివే. నిల్వ పెద్దదై, దాని మీద వచ్చిన వడ్డీ మరీ చిన్నదైతే అనుమానించాలి. ఆడిటర్ నివేదిక, ప్రమోటర్ల (కంపెనీని పెట్టి నడిపేవారి) బంధువుల సంస్థలతో లావాదేవీల నోటు కూడా చదవండి.

పాత నివేదికలు స్టాక్ ఎక్స్ఛేంజీలైన బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలో కంపెనీ పేరు కొడితే ఉచితంగా దొరుకుతాయి. తెర మీద కళ్ళు నొప్పెడితే కంపెనీకి రాయండి, వాటాదారు అడిగితే అచ్చు ప్రతి పంపాలి.

ఆ రెండు వరసలూ కార్డు మీద రాసి పంపండి, చూసి చెబుతాను. షేరు పెరుగుతుందా అని మాత్రం అడగకండి.